పారే నీళ్ళకు ముప్పై ఏడు డిగ్రీలు

మూతలు పడటానికి ఇంకా 24 రోజులు

గొట్టాల షెడ్డు దినచర్య. రాస్తున్నది నత్తల జక్రయ్య, ఫిట్టరు. సెలవు రోజుల్లో వాక్య బోధకుడు. కాలువ నీళ్ళు: నాలుగు డిగ్రీలు. గొట్టాల్లో లీకులు: రెండు, బిగించాను. మనుషుల్లో లీకులు: వాటికి నా దగ్గర పానా లేదు, వాక్యం ఉంది.

పోయిన నెల సూపర్వైజరు ఇదే పుస్తకం అంచున ఎర్ర సిరాతో "ఇక్కడ అంకెలు రాయాలి, ప్రసంగాలు కాదు" అని రాశాడు. అయ్యా, సృష్టి మాటతో మొదలైంది. అంకెలు ఆ తర్వాత రోజులు లెక్కపెట్టడానికి వచ్చాయి.

ఈ పూట అంకె ఇరవై నాలుగు. నీటి కమిటీ నోటీసు అంటించింది. మా మంచుబొరియ ఊరి మధ్యగా, మూడో సొరంగంలో పారే కాలువకు ఇంకో ఇరవై నాలుగు రోజుల్లో మూతలు వేస్తారు. కాలువ నుంచి లేచే తేమ పైకప్పుకు గడ్డకట్టి సూదుల్లా రాలుతోంది. పోయిన వారం ఒకటి రొట్టెల దుకాణం బల్లలో నిలువునా దిగబడింది. కమిటీ మాట న్యాయమే, కాదనను. కానీ ఈ మంచు చంద్రుడి మీద మనిషి కళ్ళముందు పారే నీళ్ళు అవొక్కటే. మిగతావన్నీ గొట్టాల్లో, తొట్లలో బందీలు.

పన్నెండేళ్ళ క్రితం ఆ కాలువ గట్టు మీద నిలబడి నేను బల్ల గుద్ది చెప్పాను: నిలవ నీళ్ళలో బాప్తిస్మం చెల్లదు! కుష్ఠు పట్టిన సేనాధిపతిని ప్రవక్త ఏ తొట్టిలోనో మునగమన్నాడా? పారే నదిలో, ఏడుసార్లు! ఆ ప్రసంగంతో మా సంఘం రెండైంది. తొట్టి వాళ్ళు కింది సొరంగంలోకి పోయి వేరే మందిరం పెట్టుకున్నారు. మేం కాలువ వాళ్ళం.

నోటీసు చదువుతుంటే వెనక నుంచి చేతికర్ర నా మడమకు తగిలింది. ఎస్తేరమ్మ. మా నాన్న చెల్లెలు, నాకు పిల్లనిచ్చిన అత్త. ఎనభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళుగా మందిరంలో మొదటి వరసలో కూర్చుని నా ప్రసంగాలకు గురక పెట్టిన మనిషి. బాప్తిస్మం మాట ఎత్తితే "నీళ్ళు చల్లగా ఉంటయ్యి, తర్వాత చూద్దాం" అనేది.

"అల్లుడా, మూతలెయ్యకముందే నన్ను ముంచు" అంది.

"స్తోత్రం! ఎట్టకేలకు వాక్యం నీ గుండెలో పడిందా అత్తా?"

"వాక్యం గాదు. మీ మామ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన మునిగినోడు, పైకి పోయాడు. నేను మునగలా. ఇట్టాగే పోతే ఆయనదొక దోవ, నాదొక దోవ. మధ్యలో ఆగిపోయిన పోట్లాట ఒకటుంది మాకు. దాన్ని తేల్చుకోవాల."

"పోట్లాట కోసం బాప్తిస్మమా!"

"నీ ప్రభువు అడిగితే నేను చెప్పుకుంటాలే. నువ్వు ముంచే సంగతి చూడు."

ఇంకా 23 రోజులు

కాలువ నీళ్ళు: నాలుగు. డాక్టర్ జుబేదా ఎస్తేరమ్మ గుండెను చాలాసేపు విని, స్టెతస్కోపు మెడలో వేసుకుని నా వైపు తిరిగింది.

"బోధకుడు గారూ, ఈమెను ఆ నీళ్ళలో దింపితే మీరు చదవాల్సింది బాప్తిస్మం వాక్యం కాదు, సమాధి వాక్యం."

"మరి ఎలా అమ్మా?"

"ముప్పై ఏడు డిగ్రీలు. ముప్పై నాలుగుకు తగ్గితే గుండెకు ముప్పు, నలభై దాటితే ఈమె చర్మానికి ముప్పు, ఒక్క క్షణమైనా సరే. పైకి తీశాక ఒంటికి వెచ్చటి గాలి తగలాలి, లేకపోతే చేసిందంతా వృథా."

ఈ సంగతి సాయంత్రానికి కింది సొరంగం దాకా పాకింది. తొట్టి సంఘం పెద్ద పనిగట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "మా తొట్టి ఖాళీగానే ఉందయ్యా. కాచిన నీళ్ళు పోస్తే సరి. ప్రేమతో చెబుతున్నాం" అన్నాడు. ఆ ప్రేమ అతని మీసాల కింద దాక్కుని నవ్వుతోంది.

నేను నోరు తెరిచేలోగా ఎస్తేరమ్మే జవాబిచ్చింది. "మా ఆయన కాలవలో మునిగాడు నాయనా. నేను తొట్లో మునిగి పోతే అక్కడ మొదటి మాటే ఎగతాళి అయిద్ది. పో, పోయి నీ తొట్లో గుడ్డలు నానబెట్టుకో."

అదీ సంగతి. నీళ్ళు పారాలి, వెచ్చగానూ ఉండాలి. పారుతున్న నీటిని పారుతుండగానే వేడి చేయాలి.

ఇంకా 21 రోజులు

కరెంటు కోసం పవర్‌హౌస్ పెద్ద రంగనాయకులు దగ్గరికి వెళ్ళాను. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. నామం లేకుండా స్విచ్చి ముట్టడు. నన్ను చూస్తే ఆయనకు పండగ.

"ఏం జక్రయ్యా, సెకనుకు అరలీటరు నీళ్ళు, నాలుగు నుంచి ముప్పై ఏడుకా? డెబ్బై కిలోవాట్లవుతాయి. వారం వారం ప్రసంగంలో నరకాన్ని కాగబెడతావే, దానికెన్ని కిలోవాట్లో ఎప్పుడైనా లెక్కేశావా?"

"అక్కడి కనెక్షను వేరండీ. ఇక్కడిది మీ చేతుల్లో ఉంది."

"నీళ్ళూ కరెంటూ కలిపి మధ్యలో ముసలమ్మను పెడతావా?"

"కడ్డీల మీద గాజుపూత వేస్తాను. ఎర్తు రెండు చోట్ల దింపుతాను. ముందు నేనే దిగి చూస్తాను."

చాలాసేపు నామం నిమురుకున్నాడు. "మూతల రోజున, ఇరవై నిమిషాలు. అంతకు మించి ఒక్క నిమిషం అడిగినా కమిటీ నా ఉద్యోగం ముంచుతుంది" అన్నాడు. ప్రయోగాలకు ఎప్పుడన్నా పావుగంట చొప్పున ఇస్తానన్నాడు. అన్యుల రాజు మనసును కూడా దేవుడు కాలువలా తిప్పగలడని లేఖనం. చూశావా సూపర్వైజరూ, కాలువ!

ఇంకా 17 రోజులు

మొదటి హీటరు. బొటనవేలంత లావు ఇనప కడ్డీలు పన్నెండు, పెద్ద గొట్టంలో నిలువుగా బిగించాను. పెద్ద కాలువ పక్కనే ఒక మనిషి పడుకునేంత పిల్లకాలువ తవ్వి, హీటరు గొట్టం మూతిని దాని తల వైపు పెట్టాను. నీళ్ళు అటు నుంచి వచ్చి కాళ్ళ వైపు పోతాయి. మనిషి బదులు ఒక కోడిగుడ్డును వలసంచిలో కట్టి గొట్టం మూతి దగ్గర వేలాడదీశాను. నీళ్ళు ముప్పై ఏడు దగ్గర చక్కగా నిలబడ్డాయి. ఎస్తేరమ్మ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. నేను కన్నీళ్ళతో చేతులెత్తాను.

అప్పుడు గంట మోగింది.

మా గంట కొట్టే దాసు ఎక్కడి నుంచో చూశాడు. బోధకుడు చేతులెత్తాడు, నీళ్ళలో ఏదో మునిగింది. ఇంకేముంది, ముప్పై ఏళ్ళ అలవాటు, తాడు పట్టుకుని లాగాడు.

కొత్తగా ఈ పుస్తకం చదివేవారి కోసం చెబుతున్నాను. మా ఊళ్ళో ఒకరు మునిగితే ఊరంతా తడవాలి. గంట వినగానే ప్రతి ఇంట్లో, ఏ మతం వాళ్ళైనా, కొళాయి తిప్పి చేతులు కింద పెడతారు. మునిగిన మనిషి పైకి లేచాక రెండో గంట కొడతారు, అప్పుడు కట్టేస్తారు. ఒక ఆత్మకు వచ్చిన నీళ్ళు అందరికీ అందాలని మొదటి రోజుల్లో నేనే నేర్పాను.

నూట డెబ్బై ఇళ్ళ కొళాయిలు ఒక్కసారి విప్పుకున్నాయి. కాలువకు వచ్చేదీ ఇళ్ళకు పోయేదీ ఒకే పెద్ద గొట్టం. నా హీటర్లోకి వచ్చే నీళ్ళు మూడో వంతుకు పడిపోయాయి. కరెంటు కట్టేశాను. కట్టేస్తే ఏం? ఆ లావు కడ్డీలు మింగిన వేడిని కక్కుతూనే ఉన్నాయి. గొట్టం మూతి నుంచి ఆవిరి బుస్సుమంది.

సంచి పైకి తీసి గుడ్డు పగలగొట్టాను. తెల్లసొన మల్లెపువ్వులా ఉంది.

ఎస్తేరమ్మ దానికి ఉప్పు అద్దుకుని తిన్నది. తిని, నోరు తుడుచుకుని అడిగింది. "అల్లుడా, నన్ను ముంచుతావా, ఉడకేస్తావా?"

ఇంకా 16 రోజులు

ఈ ఒక్కసారికి కొళాయిలు తిప్పవద్దని మందిరంలో ఊరిని వేడుకున్నాను. పన్నెండేళ్ళలో నా ప్రసంగానికి ఎవరూ లేచి ఎదురు మాట్లాడలేదు. ఈ రోజు నలుగురు లేచారు. అందరికంటే ముందు నా భార్య సువార్త లేచింది.

"ఒకరు మునిగితే ఊరంతా తడవాలని గొంతు చించుకుని నేర్పింది ఎవరయ్యా? ఊరందరికీ జరిగింది, మా అమ్మ వంతు వచ్చేసరికి వద్దా? ఊరు తడవకపోతే అది మా అమ్మకు బాప్తిస్మం ఎట్టా అయిద్ది?"

"ఆమెన్!" అన్నాడు దాసు, గంటతాడు చేతిలోనే ఉంది.

నా ప్రసంగమే నా మీదికి తిరిగొచ్చింది. విత్తినవాడు పంటకు ఏడవకూడదు. కొళాయిలు తిప్పుతారు, గంట మోగుతుంది, నీళ్ళు పడిపోతాయి. అదంతా జరుగుతుండగా ముప్పై ఏడు కదలకూడదు.

ఇంకా 13 రోజులు

ఇనుము నాలాంటిది. వేడెక్కడానికి అరగంట, చల్లారడానికి రెండు రోజులు. లావుగా ఉన్నదేదీ త్వరగా మనసు మార్చుకోదు.

వేకువన లేఖనం తెరిస్తే కొండ మీద ప్రవక్త కనిపించాడు. బలిపీఠం మీద పన్నెండు కుండల నీళ్ళు పోయించాడు, అగ్ని దిగింది, కందకంలో నీళ్ళను నాకేసింది. ఎంతసేపట్లో? అక్కడ "కాసేపటికి" అని రాసి లేదు. దిగింది, నాకింది! ఆ అగ్నికి లావు లేదు, బరువు లేదు.

బరువు లేని కాయిల్ కావాలి. మనల్ని ఇక్కడికి తెచ్చిన పాత ఓడ గోడల్లో ఉల్లిపొర కంటే పల్చని లోహపు రేకు ఉంది. రిబ్బన్లా కోసి, గాజుపూత వేసి, గొట్టం నిండా దువ్వెన పళ్ళలా వరసలుగా బిగించాను. నీరు అన్ని వైపులా తాకుతుంది. కరెంటు ఇస్తే అర సెకనులో వేడి, తీస్తే అర సెకనులో చల్లన. చూసి మోకరించాను.

లేచేసరికి కొత్త తంటా. నీటి వేడి చూసే సెన్సారు గొట్టం చివర ఉంది. నీళ్ళు వేడెక్కిన కబురు దానికి చేరేసరికి మూడు సెకన్లు. దాసు గంట కొట్టగానే నీళ్ళు తగ్గాయి; కబురు తెలిసి కరెంటు తగ్గేసరికి యాభై రెండు. ఆ తగ్గుదల కబురు తెలిసేసరికి పంతొమ్మిది. మళ్ళీ యాభై. మళ్ళీ ఇరవై. సంతలో తాగిన గొర్రెల కాపరిలా అటూ ఇటూ.

గుడ్డు ఈసారి బయట గట్టి, లోపల పచ్చి. ఇలాంటి విశ్వాసులను చాలామందిని చూశాను.

ముప్పై ఏళ్ళుగా నేను అరుస్తున్నదేమిటి? నులివెచ్చటి వాణ్ణి ప్రభువు నోట్లోంచి ఉమ్మేస్తాడని! చల్లగానైనా ఉండు, మండుతూనైనా ఉండు అని! ఇప్పుడు అదే ప్రభువు ముందు మోకాళ్ళు అరిగేలా అడుగుతున్నాను: తండ్రీ, ఒక్క ఇరవై నిమిషాలు నులివెచ్చదనం ప్రసాదించు.

ఇంకా 10 రోజులు

మూడు రోజులు సెన్సారును దగ్గరికి జరిపి చూశాను. మరీ దగ్గరైతే రేకు వేడినే నీటి వేడి అనుకుని అబద్ధం చెబుతోంది. ఎస్తేరమ్మ ఇంట్లో భోజనానికి కూర్చుని ఇదే గోడు వెళ్ళబోసుకున్నాను. ఆమె పొయ్యి మీద పప్పు గిన్నెకు మూతపెట్టి, నా వైపే చూస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి చాపి మంట తగ్గించింది. గిన్నె వైపు చూడనే లేదు.

"అడుగంటుతుందని ఎలా తెలిసిందత్తా?"

"మాడిన వాసనొచ్చాక తగ్గిస్తే ఏం లాభం? లోపల నీళ్ళు తగ్గేటప్పుడు చప్పుడు మారుద్ది. చప్పుడు మారంగానే మంట తగ్గించాల."

నేను చెయ్యి కడగకుండా లేచాను.

"కూర్చో! పరలోకం ఎక్కడికీ పోదు, పప్పు చల్లారిద్ది" అని అరిచింది.

నా సెన్సారు తీర్పరి. అంతా జరిగాక వచ్చి శిక్ష వేస్తాడు. నాకు కావాల్సింది ప్రవక్త! రాబోయేదాన్ని ముందే చూసి కేక వేసేవాడు! హీటరుకు ముందు, గొట్టంలో, వేలిగోరంత చిన్న చక్రం పెట్టాను. నీళ్ళు ఎంత జోరుగా వస్తే అంత జోరుగా తిరుగుతుంది. నీళ్ళు తగ్గాయా, అవి రేకును తాకకముందే చక్రం నెమ్మదిస్తుంది, కరెంటు అంతే తగ్గుతుంది. చివరనున్న తీర్పరికి మిగిలింది అర డిగ్రీ, ఒక డిగ్రీ సవరణలు. ప్రవక్త మాట వింటే తీర్పు తేలికవుతుంది. ఇది సెలవు రోజు ప్రసంగానికి పక్కన రాసిపెట్టుకున్నాను.

ఇంకా 6 రోజులు

ఈ రోజు గాలి పని. పైకి లేచాక ఎస్తేరమ్మకు వెచ్చటి గాలి కావాలి కదా. అదే రేకు, చిన్న గొట్టం, వెనక ఫ్యాను. నీళ్ళను జయించినవాడికి గాలి ఒక లెక్కా అని గర్వపడ్డాను. గర్వం పతనానికి ముందు నడుస్తుంది. ఈసారి దాని వెనకే దాసు నడిచొచ్చాడు.

గాలి మోసుకుపోయే వేడి బహు తక్కువ. నీళ్ళలో బుద్ధిగా ఉన్న రేకు గాలిలో ఎర్రబడింది. పైగా నేను కరెంటు ముందు వేసి, ఫ్యాను తర్వాత వేశాను. ఫ్యాను తిరగ్గానే, గొట్టంలో అప్పటిదాకా కాగిన గాలంతా ఒక్క ఊపున వెళ్ళి, తొంగిచూస్తున్న దాసు ఉన్నికుచ్చు టోపీని అంటించింది.

మండుతున్న పొద కాలిపోలేదని లేఖనంలో ఉంది. టోపీ కాలిపోయింది.

"దేవుడి పనిలో పోయిందిలే, నా టోపీ గురించి నువ్వు బాధపడబోకు" అన్నాడు దాసు. అని, గంటసేపు దాని గురించే మాట్లాడాడు.

ఇక మీదట కట్టడ: ముందు ప్రవాహం, తర్వాత అగ్ని. ఆపేటప్పుడు ముందు అగ్ని, తర్వాత ప్రవాహం. ఫ్యాను తిరిగితే తప్ప కరెంటు రాకుండా తీగ మార్చాను. కరెంటు పదో వంతుకు కుదించాను. గాలి: ముప్పై రెండు డిగ్రీలు.

ఇంకా 3 రోజులు

పూర్తి ప్రయోగం. ముందు నేను దిగి పడుకున్నాను. ఎర్తు బాగుంది, ప్రాణంతో రాస్తున్నాను. తర్వాత గుడ్డు. డాక్టర్ జుబేదా స్వయంగా థర్మామీటరు పట్టుకుని గట్టు మీద కూర్చుంది. దాసు గంట కొట్టాడు, ఊరు కొళాయిలు తిప్పింది. చక్రం నెమ్మదించింది, స్విచ్చి బోర్డు సన్నగా మూలిగింది.

"ముప్పై ఆరున్నర" అంది జుబేదా. "ముప్పై ఏడు... ముప్పై ఏడూ ముప్పావు... ముప్పై ఏడు."

పన్నెండు నిమిషాలు. గుడ్డు పగలగొట్టాను. పచ్చి గుడ్డు! జారిపోయే, కారిపోయే పచ్చి గుడ్డు! దాన్ని అరచేతిలో పట్టుకుని స్తోత్రాలు చెబుతూ సొరంగం చివరిదాకా పరిగెత్తాను.

ఎస్తేరమ్మ మొహం ముడుచుకుంది. "ఇయ్యాల తినడానికి ఏం లేదా?"

మూతల రోజు

రాయాల్సిన అంకెలు ముందు. కాలువ నీళ్ళు: నాలుగు. పిల్లకాలువ నీళ్ళు: ముప్పై ఏడు. కరెంటు ఇచ్చింది ఉదయం పదింటికి. మూతలు మోసుకొచ్చిన మనుషులు: ఎనిమిది మంది, గట్టు మీద పనిముట్లతో ఎదురుచూస్తూ.

ఎస్తేరమ్మ తెల్లచీర కట్టుకుని, సువార్త చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్లకాలువలో కాలు పెట్టి ఆగింది. రెండో కాలూ పెట్టింది. కూర్చుంది. నడుము దాకా, ఆపైన భుజాల దాకా జారింది. ఆమె ముఖంలో ఒక్కొక్క గీతే విప్పుకుంటూ పోయింది.

వెచ్చటి నీళ్ళు పిల్లకాలువకే సరిపోతాయి. ముంచేవాడు నిలబడాల్సింది పెద్ద కాలువలో. నేను మోకాళ్ళ దాకా నాలుగు డిగ్రీల్లో నిలబడ్డాను. దాసు గంట కొట్టాడు. ఊరంతా కొళాయిలు విప్పారు. ముప్పై ఏడు కదల్లేదు.

"ఎస్తేరమ్మా, నీ పాపాలు ఒప్పుకుంటున్నావా?"

అందరూ ఈ ప్రశ్నకు "ఒప్పుకుంటున్నాను" అంటారు. ఆ చలిలో అంతకంటే పొడుగు జవాబు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఎస్తేరమ్మకు చలి లేదు.

"ఒక్కోటీ చెప్తా" అంది, తల వెనక్కి వాల్చుకుని. "ఓడ ఎక్కేనాడు కొప్పులో రెండు మామిడితాండ్ర చుట్టలు దాచా. బరువు చూసేవాడు అడిగితే జుట్టు ఒత్తు అన్నా. రంగనాయకులూ, ఉన్నావా?"

"ఉన్నానమ్మా" అన్నాడు రంగనాయకులు, గడియారం చూసుకుంటూ.

"నీ తులసి మొక్క ఎండిపోయిందని ఏడిచావే, ఎండలా. దగ్గొచ్చి కషాయం కాచుకున్నా. మొక్కంతా."

"అయ్యో, అది మా ఆవిడ..."

"జక్రయ్య ప్రసంగాలకి నిద్రపోలా. పోయినట్టు గురక పెట్టా. కళ్ళు తెరిస్తే నన్నే చూసి అరుస్తాడని."

జనం గొల్లుమన్నారు. నా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇళ్ళ కిటికీల్లోంచి కేకలు: "అయిందా? మా చేతులు ముడతలు పడ్డయ్యి, కానియ్యండయ్యా!" కొందరు అలిసిపోయి కొళాయి కట్టేస్తున్నారు, సిగ్గేసి మళ్ళీ తిప్పుతున్నారు. చక్రం తప్పతాగినట్టు ఆడుతోంది. జుబేదా చదువుతూనే ఉంది: ముప్పై ఏడు, ముప్పై ఆరున్నర, ముప్పై ఏడు. పదో నిమిషం. పదిహేనో నిమిషం. పక్కింటి కోడి గుడ్లు, చెల్లెలి చీర, చదవకుండా చదివానని చెప్పిన కీర్తనలు. పదహారు.

"అత్తా, మిగతావి ప్రభువుకు తెలుసు" అన్నాను. నా కాళ్ళు ఉన్నాయో లేవో నాకు తెలియడం లేదు.

"ఇంకొకటే ఉంది. పోట్లాట."

నవ్వులు ఆగాయి.

"ఆ రోజు మీ మామ పైసొరంగంలో పని చేసొచ్చాడు. వణుకుతన్నాడు. స్నానానికి కాసిని నీళ్ళు కాచిపెట్టవే అన్నాడు. అప్పుడు పొయ్యి పూటకి అరగంటేగా ఇచ్చేది. నేను పప్పు పెట్టుకున్నా. ఈ వయసులో వేణ్ణీళ్ళేంది, పెళ్ళికొడుకువా అన్నా. ఆయనేదో అనబోయి, అనకుండా పోయి చన్నీళ్ళు పోసుకున్నాడు. మూడో రోజు పోయాడు."

"అది చన్నీళ్ళ వల్ల కాదమ్మా" అంది జుబేదా. "నేనే చూశాను. ఆయన గుండె ఏడాది ముందే..."

"తెలుసు తల్లీ. నువ్వు అప్పుడే చెప్పావు." ఆమె అరచేతులతో నీళ్ళను అటూ ఇటూ కదిపింది. "పప్పు మాత్రం బాగా ఉడికింది ఆ రోజు."

అందరూ నా వైపు చూశారు. నా దగ్గర ప్రతిదానికీ ఒక వాక్యం ఉంటుందని వాళ్ళకు తెలుసు. వెతికాను. దొరకలేదు. వంగి, ఆమె వీపు కింద ఒక చెయ్యి, తల కింద ఒక చెయ్యి పెట్టి, తండ్రి పేర కుమారుని పేర పరిశుద్ధాత్మ పేర ముంచి లేపాను. ముప్పై ఏళ్ళలో నేను చెప్పిన అతి చిన్న ప్రసంగం అదే. దాసు రెండో గంట కొట్టాడు.

సువార్త ఆమెను వెచ్చగాలి గొట్టం దగ్గర కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. పందొమ్మిదో నిమిషం. నేను ఆపడానికి స్విచ్చి దగ్గరికి నడిచాను.

"ఆపబోకు" అంది ఎస్తేరమ్మ. "రంగనాయకులూ, దిగు."

"నేనా? నేను మీ మతం కాదు కదమ్మా!"

"మతం ఎవరడిగారు? స్నానం చెయ్యి. వెచ్చటి నీళ్ళు ఒంటికి తగిలి ఎన్నేళ్ళయింది నీకు?"

రంగనాయకులు లెక్క వేసుకున్నాడు. లెక్క పెద్దదైనట్టుంది. నా వైపు చూశాడు. బాప్తిస్మపు నీళ్ళు, అప్పుడే ఒక ఆత్మను కడిగిన నీళ్ళు, అందులో స్నానమా! నా నోట్లో మూడు వాక్యాలు నిప్పుల్లా సిద్ధంగా ఉన్నాయి. ఎస్తేరమ్మ నా మొహంలోకి చూస్తోంది. మూడూ మింగాను. గొంతు కాలింది.

ఆయన చొక్కా విప్పి, జందెం సవరించుకుని, ఫోనులో పవర్‌హౌస్‌కు చెప్పాడు. "ఇంకో రెండు గంటలు ఉంచండి. కమిటీ అడిగితే నా పేరు రాసుకోండి." దిగి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. "జక్రయ్యా, ఇది బాప్తిస్మం కాదు కదా?"

"కాదండీ. ఉత్త స్నానం."

"అయితే ఇంకాసేపు ఉంటా."

ఆ తర్వాత రొట్టెల దుకాణం ముసలాయన. ఆ తర్వాత కింది సొరంగం తొట్టి సంఘం పెద్ద, నా వంక చూడకుండా. దాసు. మా సూపర్వైజరు కూడా. వీపు రుద్దింది నేనే, గట్టిగా. మూతలు తెచ్చిన ఎనిమిది మందీ మూతలను గోడకు ఆనించి, తువ్వాళ్ళు తెచ్చుకుని వరసలో నిలబడ్డారు.

ముంచింది: ఒకరిని. స్నానం చేయించింది: నలభై ఒక్క మందిని. హీటరు ఒక్కసారి కూడా ముప్పై ఎనిమిది దాటలేదు.

ఎస్తేరమ్మను ఇంటికి పొమ్మంటే పోలేదు. దుప్పటి కప్పుకుని, స్టూలు గొట్టం మూతి దగ్గరికి జరుపుకుంది. దిగిన ప్రతి మనిషినీ ముందుకు వంగి అడిగింది: "వేడి చాలిందా? ఇంకాస్త పెంచమంటావా?" చాలింది అన్న మాట వాళ్ళ నోటి నుంచి వినేదాకా, తర్వాతి మనిషిని దిగనివ్వలేదు.